రానా నాయుడు: వెంకీ అభిమానులకు ఎందుకు కోపమొచ్చింది?

అమెరికన్ సిరీస్ 'రే డొనోవన్'కు రీమేక్‌గా 2023 మార్చి 10న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన క్రైమ్ డ్రామా 'రానా నాయుడు'. నిజ జీవితంలో బాబాయ్-అబ్బాయిలైన వెంకటేష్, రానా ఇందులో తండ్రీకొడుకులు. జైలు నుంచి వచ్చిన నాగ నాయుడిగా వెంకటేష్ బూతులు మాట్లాడటం అభిమానులకు మింగుడుపడలేదు. ఇంటిల్లిపాదీ చూసే సినిమాలకు ఆయన పేరే భరోసా మరి. కథ కంటే, ఆ ఇమేజ్ చెదరడమే వారిని ఎక్కువగా బాధించింది. పైగా తెలుగు డబ్బింగ్! హిందీలో తిట్టు వినడం వేరు, ఇంటి భాషలో వినడం వేరు. కుటుంబంతో కలిసి చూడొద్దని తారలిద్దరూ చెప్పినా కోపం తగ్గలేదు. చూడటమూ ఆగలేదు. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం 2023 తొలి ఆర్నెల్లలో ప్రేక్షకులు దీన్ని 4.63 కోట్ల గంటలు చూశారు. 2025 జూన్ 13న వచ్చిన రెండో సీజన్‌లో మాత్రం బూతులు బాగా తగ్గాయి.