అన్న బేస్, తమ్ముడి డ్రమ్స్: జిమ్మీ హీత్ హార్డ్ బాప్ రికార్డుల్లో కుటుంబం

హార్డ్ బాప్ టెనర్ శాక్సోఫోన్ గురించి రాసేవాళ్ళు సోనీ రోలిన్స్‌తో మొదలుపెడతారు. జాన్ కోల్ట్రేన్ దగ్గర చాలాసేపు ఆగుతారు. హాంక్ మోబ్లీని తలుచుకున్నాక ఎక్కడో జిమ్మీ హీత్ పేరు వస్తుంది. వచ్చినా, "హీత్ సోదరుల్లో నడిమివాడు" అన్న ఒక్క ముక్కతో సరి. అన్న పెర్సీ డబుల్ బేస్ వాయించేవాడు, తమ్ముడు ఆల్బర్ట్ డ్రమ్స్. ఈ బంధుత్వాన్ని జీవిత చరిత్రలో ఒక ముచ్చటగా చెప్పి ముందుకు పోవడం అలవాటైంది. ఈ వ్యాసం దాన్ని జిమ్మీ రచనా పద్ధతిలో భాగంగా చూస్తుంది. మంద్రంలో ఎవరు నిలబడతారో, లయ ఎవరి చేతిలో ఉంటుందో ముందే తెలిసిన మనిషి, పై వాద్యాలకు రాసే తీరే వేరు. 1959 నుంచి 1964 దాకా రివర్‌సైడ్ కంపెనీకి ఆయన చేసిన ఆరు ఆల్బమ్‌లు ఇందుకు ఆధారం.

బీబాప్ తర్వాతి తరం 1950లలో తీర్చిదిద్దుకున్న బాణీ హార్డ్ బాప్. చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ తెచ్చిన వేగాన్నీ చిక్కని స్వరమేళనాన్నీ ఆ తరం వదులుకోలేదు. వాటికి బ్లూస్ బరువును, నల్లజాతి చర్చి పాటల్లోని ఆవేశాన్ని జోడించింది. ఈ బాణీకి ఫిలడెల్ఫియా ఇచ్చినంత మందిని ఇచ్చిన ఊళ్ళు తక్కువ. కోల్ట్రేన్ పెరిగింది ఉత్తర కరోలినాలోనైనా సంగీతకారుడిగా ఎదిగింది అక్కడే. బెన్నీ గోల్సన్, లీ మోర్గాన్, ఫిలీ జో జోన్స్ అక్కడివాళ్ళే. సౌత్ ఫిలడెల్ఫియాలోని హీత్ కుటుంబ గృహం ఈ మనుషులందరూ వచ్చిపోయే చోటు.

ఆ ఇంట్లో తండ్రి కార్ల మెకానిక్. తీరిక దొరికితే క్లారినెట్ వాయించేవాడు. తల్లి బాప్టిస్ట్ చర్చి బృందంలో పాడేది. అక్క ఎలిజబెత్ పియానో వాయించేది. పెర్సీ 1923లో ఉత్తర కరోలినాలోని విల్మింగ్టన్‌లోను, జిమ్మీ 1926లో, ఆల్బర్ట్ 1935లో ఫిలడెల్ఫియాలోను పుట్టారు. చిన్నప్పుడు వయొలిన్ పట్టిన పెర్సీ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో టస్కీగీలో యుద్ధ విమాన చోదకుడిగా శిక్షణ పొందాడు. యుద్ధం ముగిశాక గాని బేస్ చేతికి తీసుకోలేదు. అంటే, అన్న కంటే ముందు వృత్తి సంగీతంలోకి దిగింది తమ్ముడు జిమ్మీయే. వయసును బట్టి ఈ కుటుంబంలో పెద్దరికం నిర్ణయిస్తే పొరపాటు పడతాం. రచన, సంకల్పం నడిమివాడివి.

ఆల్టో శాక్సోఫోన్‌తో ఒమాహాలోని నాట్ టౌల్స్ బృందంలో తిరిగి వచ్చిన జిమ్మీ, 1946లో ఫిలడెల్ఫియాలో సొంతంగా ఒక పెద్ద బృందం కట్టాడు. కోల్ట్రేన్, గోల్సన్, కాల్ మాసీ, జానీ కోల్స్ అందులో వాయించారు. అప్పటికి వాళ్ళంతా ఇరవై ఏళ్ళ అటూ ఇటూ కుర్రాళ్ళు. 1947లో ఒక సహాయ నిధి కచేరీలో చార్లీ పార్కర్ ఆ బృందంతో కలిసి వాయించాడు. జిమ్మీని అప్పుడు 'లిటిల్ బర్డ్' అనేవారు, పార్కర్ ముద్దుపేరు 'బర్డ్' కాబట్టి. ఆ పోలిక భారం దించుకోవడానికే ఆయన తర్వాత టెనర్‌కు మారాడు. ఆ బృందం రికార్డేదీ బయటికి రాలేదు. జిమ్మీ డిస్కోగ్రఫీ చదివేటప్పుడు ఈ ఖాళీని గుర్తుపెట్టుకోవాలి. పదిహేను మందికి పైగా వాయించే బృందానికి రాయడం ఎలాగో ఆయన ఇరవై రెండేళ్ళు నిండకముందే నేర్చుకున్నాడు. ఆ విద్య మళ్ళీ మనకు వినిపించడానికి 1960 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ మధ్యలో రెండు సంగతులు ఉన్నాయి. మొదటిది 1953 ఏప్రిల్ 20న బ్లూ నోట్ కంపెనీకి మైల్స్ డేవిస్ చేసిన రికార్డింగ్. జె.జె. జాన్సన్ ట్రాంబోన్, జిమ్మీ టెనర్, గిల్ కాగిన్స్ పియానో, పెర్సీ బేస్, ఆర్ట్ బ్లేకీ డ్రమ్స్. జిమ్మీ రాసిన 'సి.టి.ఎ.' అక్కడ రికార్డయింది. కొద్ది బార్లలో ఎగసి, మలుపు తిరిగి, వాద్యకారులను సరాసరి మనోధర్మంలోకి నెట్టే రచన అది. రెండోది హెరాయిన్. 1955 నుంచి 1959 మే దాకా ఆయన పెన్సిల్వేనియాలోని లూయిస్‌బర్గ్ ఫెడరల్ జైల్లో ఉన్నాడు. హార్డ్ బాప్ తన శిఖరానికి చేరిన ఏళ్ళు సరిగ్గా అవే. రోలిన్స్ 'శాక్సోఫోన్ కొలోసస్', కోల్ట్రేన్ 'బ్లూ ట్రేన్' వెలువడినప్పుడు, వాళ్ళ తోటివాడైన జిమ్మీ లోపల ఉన్నాడు. ఆయన పేరు రెండో వరసకు జారడానికి ప్రధాన కారణం ఇదేనని నా నమ్మకం. వాద్య నైపుణ్యంలో లోటు కాదు.

అయితే మనిషి లోపలున్నా రచనలు బయట తిరిగాయి. చెట్ బేకర్, ఆర్ట్ పెప్పర్ 1956 అక్టోబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో చేసిన 'ప్లేబాయ్స్' ఆల్బమ్‌లో ఏడు రచనలుంటే ఐదు జిమ్మీవే. 'పిక్చర్ ఆఫ్ హీత్' వాటిలో ఒకటి. 'సి.టి.ఎ.'ను ఆర్ట్ టేలర్ 1957లో కోల్ట్రేన్‌తో కలిసి, ఆ వెంటనే లీ మోర్గాన్ 'క్యాండీ' కోసం రికార్డు చేశారు. వాయించే జిమ్మీ లేనప్పుడు రాసే జిమ్మీ నిలిచాడు. జైలు నుంచి వచ్చాక ఆయన చేసిన రికార్డుల్లో రచయిత పాలు ఎక్కువగా ఉండటానికి మూలం ఇక్కడ ఉంది.

ఇదే కాలంలో అన్నదమ్ములిద్దరూ వేర్వేరు చోట్ల పదును తేలారు. పెర్సీ 1952లో మోడర్న్ జాజ్ క్వార్టెట్‌లో చేరాడు. పియానిస్ట్ జాన్ లూయిస్ ఆ బృందానికి ఫ్యూగ్‌ల పద్ధతిలో, ప్రతి వాద్యానికీ స్వతంత్రమైన సంచారం ఉండేలా రాసేవాడు. లయ నిలబెట్టడం ఒక్కటే పెర్సీ పని కాదు. రాసిన స్వరాన్ని రాసినట్టు, అయినా ఊపు చెడకుండా పలికించాలి. ఆల్బర్ట్ తొలి రికార్డింగ్ కోల్ట్రేన్ సొంత పేరుతో చేసిన మొదటి ఆల్బమ్. 1957 మే 31న, తన ఇరవై రెండో పుట్టినరోజున. ఆ తర్వాత జె.జె. జాన్సన్ బృందంలో చేరాడు. అతనిది గట్టిగా కొట్టి మీదపడే వాదనం కాదు. రాసిన వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కనిపెట్టి అక్కడ ఒక్క దెబ్బ వేసే వాదనం.

1960 జనవరిలో వెస్ మోంట్‌గోమెరీ చేసిన 'ద ఇన్‌క్రెడిబుల్ జాజ్ గిటార్'లో ఈ ఇద్దరే బేస్, డ్రమ్స్. పియానో టామీ ఫ్లానగన్. మోంట్‌గోమెరీ గిటార్ మీద అష్టకాలతో పరుగెత్తుతుంటే కింద నేల కదలదు. జిమ్మీ లేకుండా ఆ ఇద్దరూ ఏం చేయగలరో తెలుసుకోవడానికి పరిశోధకుడికి ఇంతకంటే మంచి రికార్డు దొరకదు.

ఇక రివర్‌సైడ్ ఆరు ఆల్బమ్‌లు. 'ద థంపర్' (1959), 'రియల్లీ బిగ్!' (1960), 'ద కోటా' (1961), 'ట్రిపుల్ థ్రెట్' (1962), 'స్వాంప్ సీడ్' (1963), 'ఆన్ ద ట్రైల్' (1964). మొదటిదాంట్లోను చివరిదాంట్లోను బేస్ పాల్ చేంబర్స్. నడిమి నాలుగింటిలో పెర్సీ. వాద్యాల పట్టిక పక్కన పెట్టుకుని చూస్తే ఇంకో విషయం కనిపిస్తుంది. ఫ్రెంచ్ హార్న్ వినిపించేది కూడా ఆ నడిమి నాలుగింటిలోనే. 'రియల్లీ బిగ్!'లో డిక్ బెర్గ్, మిగతా మూడింటిలో జూలియస్ వాట్కిన్స్. చేంబర్స్ వాయించిన రెండింటిలో ఆ వాద్యం లేదు. కంపెనీ ఖర్చు, అందుబాటులో ఉన్న మనుషులు లాంటి కారణాలు ఇందులో ఉండొచ్చు. కానీ రచనలోనే ఒక కారణం వినిపిస్తుంది.

మామూలు హార్డ్ బాప్ క్వింటెట్‌లో ట్రంపెట్, టెనర్ ఒకే స్వరాన్ని జంటగా పలుకుతాయి. మూడో వాద్యం చేరితే స్వరమేళనం రాయొచ్చు. కానీ మూడు వాద్యాలంటే ఒకేసారి మూడు స్వరాలే. అందులో ఒకటి ఆధార స్వరానికి ఖర్చయితే రంగు పోతుంది. ఆ ఆధార స్వరాన్ని బేస్ తప్పకుండా, సరైన శ్రుతిలో, సరైన క్షణంలో పలుకుతుందన్న భరోసా ఉంటే, మూడు వాద్యాలకూ మూడో స్వరం, ఏడో స్వరం, తొమ్మిదో స్వరం లాంటి రంగు స్వరాలే ఇవ్వొచ్చు. 'ద కోటా', 'ట్రిపుల్ థ్రెట్' వింటే ఫ్రెడీ హబ్బర్డ్ ట్రంపెట్, వాట్కిన్స్ హార్న్, జిమ్మీ టెనర్ ఆరేడు మంది వాయిస్తున్నంత నిండుగా ఉంటాయి. ఆ నిండుతనానికి కింద బరువు మోస్తున్నది పెర్సీ. మోడర్న్ జాజ్ క్వార్టెట్‌లో ఏళ్ళ తరబడి చేసిన పనినే అతను తమ్ముడి కోసం ఇక్కడ చేశాడు. చేంబర్స్ తక్కువవాడని ఎవరూ అనలేరు. ఆ రెండు ఆల్బమ్‌లు కూడా గొప్పవే. 'ఆన్ ద ట్రైల్'లో వింటన్ కెల్లీ, కెన్నీ బరెల్‌తో జిమ్మీ స్వేచ్ఛగా వాయిస్తాడు. శాక్సోఫోన్ వాద్యకారుడిగా ఆయన్ను వినాలంటే అదే మొదట వినాలి. రచయితగా వినాలంటే మాత్రం 'ట్రిపుల్ థ్రెట్'. వాద్యకారుడు, స్వరకర్త, అరేంజర్ అనే మూడు పాత్రలను ఉద్దేశించి పెట్టిన ఆ పేరు ఆ ఆల్బమ్‌కు పూర్తిగా తగినది.

రచనల పేర్లలోనూ ఇల్లే. 'బిగ్ పి' అన్న పెర్సీ కోసం. 'మోనాస్ మూడ్' 1960లో పెళ్ళాడిన భార్య మోనా కోసం. 'జెమిని' మిథున రాశిలో పుట్టిన కూతురి కోసం రాసిన మూడు మాత్రల నడక. కానన్‌బాల్ ఆడర్లీ 1962లో న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ కచేరీలో దాన్ని యూసఫ్ లతీఫ్ ఫ్లూట్‌తో వాయించి అందరికీ తెలిసేలా చేశాడు. బ్లూస్ చట్రం మీద కట్టిన 'జింజర్‌బ్రెడ్ బాయ్' కొడుకు కోసం. మైల్స్ డేవిస్ 1966లో 'మైల్స్ స్మైల్స్' కోసం దాని వేగం పెంచి, చట్రం అంచులు చెరిపేసి వాయించాడు. పసివాళ్ళ మీద ప్రేమతో కట్టిన స్వరాలు ఇంత కఠినమైన ప్రయోగాలకు తట్టుకున్నాయంటే కట్టడం అంత బలంగా ఉందన్నమాట.

1974లో మోడర్న్ జాజ్ క్వార్టెట్ విడిపోయింది. మరుసటి ఏడాది ముగ్గురూ 'హీత్ బ్రదర్స్' పేరుతో బృందం కట్టారు. పియానో స్టాన్లీ కవెల్. ఆ ఏడాది అక్టోబర్‌లో ఓస్లోలో రికార్డు చేసిన 'మార్చిన్ ఆన్!'ను కవెల్ సహ స్థాపకుడిగా ఉన్న స్ట్రాటా-ఈస్ట్ వెలువరించింది. దీనిలోని 'స్మైలిన్ బిల్లీ సూట్' జిమ్మీ రచన. కవెల్ బొటనవేళ్ళతో మీటే ఆఫ్రికన్ వాద్యం ఎంబీరా పలుకుతాడు. పెర్సీ చెలో పరిమాణంలో ఉండి బేస్ శ్రుతిలో పలికే వాద్యం కూడా తీసుకుంటాడు. తర్వాత కొలంబియాకు చేసిన ఆల్బమ్‌లు అప్పటి మార్కెట్ కోసం సరళమయ్యాయి. వాటి మీద నేను ఎక్కువసేపు నిలవను, వాటిలో 'లైవ్ ఎట్ ద పబ్లిక్ థియేటర్' గ్రామీ నామినేషన్ దాకా వెళ్ళినా సరే.

జిమ్మీ పెద్ద కొడుకు జేమ్స్ ఎమ్టూమే వేరే ఇంట్లో, జాజ్ పియానిస్ట్ అయిన పెంపుడు తండ్రి దగ్గర పెరిగాడు. 1969 డిసెంబర్‌లో రికార్డయిన 'కవైదా'లో అతని రచనలను తండ్రి జిమ్మీ, బాబాయి ఆల్బర్ట్, హెర్బీ హాంకాక్, డాన్ చెర్రీ వాయించారు. ఇక్కడ మొదటిసారి తండ్రి కొడుకు రాసిందాన్ని వాయించాడు. కొడుకు తర్వాత మైల్స్ డేవిస్ బృందంలో తాళవాద్యాలు వాయించి, 1983లో 'జూసీ ఫ్రూట్' పాటతో నల్లజాతి జనాదరణ సంగీతంలో మొదటి స్థానానికి చేరాడు. 1994లో ఈ కుటుంబం రెండు దారుల్లో హిప్‌హాప్‌లోకి వెళ్ళింది. నాస్ 'ఇల్‌మాటిక్' ఆల్బమ్‌లోని 'వన్ లవ్'కు 'స్మైలిన్ బిల్లీ సూట్' రెండో భాగం ఆధారం. నటోరియస్ బి.ఐ.జి. 'జూసీ'కి కొడుకు పాట ఆధారం. న్యూయార్క్ హిప్‌హాప్‌లో ఎప్పటికీ నిలిచే రెండు రికార్డులు ఒకే ఏడాది ఒకే కుటుంబం నుంచి అప్పు తీసుకున్నాయి. రెండింట్లోనూ ముక్కగా కత్తిరించి తిప్పడానికి పనికొచ్చింది పై రాగం కంటే కింద పదే పదే తిరిగే నడకే.

పెర్సీ సొంత నాయకత్వంలో చేసిన ఆల్బమ్ ఒక్కటే, 'ఎ లవ్ సాంగ్'. అప్పటికి అతనికి ఎనభై ఏళ్ళు. డ్రమ్స్ ఆల్బర్ట్, జిమ్మీ లేడు. బేస్ బాధ్యత పీటర్ వాషింగ్టన్‌కు అప్పగించి, పెర్సీ చెలో పరిమాణంలోని ఆ చిన్న వాద్యం మీద పై రాగం అందుకున్నాడు. నాలుగు దశాబ్దాలుగా అడుగున ఉండి తమ్ముడి స్వరాలను మోసిన మనిషి, పైకి వచ్చి పాడితే వాక్యాలు పొట్టిగా, ఒక్క స్వరం కూడా వృథా లేకుండా ఉంటాయి. ఈ ఆల్బమ్‌ను వృద్ధాప్యపు ముచ్చటగా కాక 'ద కోటా', 'ట్రిపుల్ థ్రెట్'ల పక్కన పెట్టి, పెర్సీ పంక్తులను స్వరలిపిలో రాసుకుని పోల్చి చూడాలి. జిమ్మీ తన మూడు హార్న్‌లను ఏ కింది స్వరాన్ని నమ్ముకుని రాశాడో అక్కడ తేలుతుంది.