తెప్ప, కుట్టుపడవ: ఉత్తరాంధ్ర తీరపు నౌకాచరిత్ర

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. దానికి దక్షిణాన విజయనగరం జిల్లాకు దక్కింది చిన్న ముక్కే. ఈ పొడుగునా పెద్ద ఓడ నేరుగా ఒడ్డుకు ఆనుకునే సహజమైన లోతు రేవు ఒక్కటీ లేదు. వంశధార, నాగావళి, మహేంద్రతనయల మొగలు ఇసుకతో పూడిపోతుంటాయి, కెరటాలు ఒడ్డుకు దూరంగానే వరసలు వరసలుగా విరుగుతాయి. కళింగపట్నం, బారువ, పొరుగున భీమునిపట్నం పేరుకు రేవులే అయినా, అక్కడికి వచ్చిన ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. అక్కడి నుంచి సరుకునూ మనుషులనూ ఇసుక మీదికి చేర్చింది స్థానికుల చిన్న పడవలే. ఈ తీరపు నౌకాచరిత్రలో అసలు పనితనం వాటిదే.

వాటిలో పాతది తెప్ప. దుంగలను జతకట్టి చేసిన వాహనాలు తూర్పు తీరంలో తిరిగేవని క్రీ.శ. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికగ్రంథం పెరిప్లస్ చెబుతుంది. కళింగపట్నానికి ఎగువన, వంశధార గట్టున శాలిహుండం బౌద్ధక్షేత్రం వెలసిన కాలమూ ఆ గ్రంథకాలానికి మరీ దూరం కాదు. 1919లో ఆ శిథిలాలను గుర్తించి లోకానికి చెప్పినవాడు గిడుగు రామమూర్తి పంతులు.

తమిళ తీరపు కట్టుమరాన్ని తాళ్లతో బిగించి కడతారు. ఉత్తరాంధ్ర, ఒడిశాల తెప్ప తీరు వేరు. తేలికైన దుంగలను చెక్క చీలలతో బిగించి ముందుగా రెండు భాగాలు చేస్తారు. వేటకు పోయేటప్పుడు ఆ రెంటినీ పక్కపక్కన చేర్చి తాళ్లతో బంధిస్తారు. తిరిగొచ్చాక తాళ్లు విప్పి, ఏ భాగానికా భాగం మోసుకెళ్లి ఇసుక మీద ఆరబెడతారు. నీళ్లు పీల్చిన దుంగ బరువెక్కుతుంది, ఆరకపోతే మర్నాడు సరిగా తేలదు. రెండు భాగాలుగా విడిపోతుంది కనుక ఇద్దరు ముగ్గురు జాలర్లతోనే పని జరిగిపోతుంది. పైకి మొరటుగా కనిపించే ఈ కట్టుబడి వెనుక ఉన్న లెక్క ఇదే. తెప్పలో నీళ్లు తోడే పని కూడా లేదు. దుంగల సందుల్లోంచి వచ్చిన నీరు ఆ సందుల్లోంచే పోతుంది.

సరుకు మోతకు తెప్ప చాలదు, దానికి కుట్టుపడవ కావాలి. ఇంగ్లీషువాళ్ల రాతల్లో మసూలా బోటు అంటే ఇదే. పలచని పలకల అంచులకు బెజ్జాలు వేసి, నడుమ గడ్డి దట్టించి, కొబ్బరిపీచు తాడుతో కుడతారు. ఇనుప మేకు ఉండదు, లోపల పక్కటెముకల్లాంటి వాసాలూ ఉండవు. అందువల్ల కెరటం మీద కొట్టినప్పుడు పడవ ఒళ్లు కొద్దిగా వంగి, దెబ్బను తనలోకి తీసుకుంటుంది. అదే చోట మేకులు కొట్టిన ఐరోపా పడవ నేలకు తగిలితే పగిలేది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు వర్తకుడు థామస్ బౌరీ ఈ తీరపు పడవలను వర్ణించి, బొమ్మలు కూడా గీశాడు. ఇలాంటి వర్ణనల్లో ప్రయాణికుల భయం, తడిసిన బట్టలు దండిగా కనిపిస్తాయి, తెడ్డు వేసినవాళ్ల మాట మాత్రం తక్కువ. మద్రాసులో మసూలా పక్కన తెప్పలు కూడా నడిచేవి. పడవ బోల్తా కొడితే మనుషులను పైకి లాగడం వాటి పని.

ఒకే కుట్టుపడవ పొద్దున వల, మధ్యాహ్నం నూనెగింజల బస్తాలు, మరోనాడు మనుషులను మోసేది. ఇంగ్లీషు నావికులు ఈ తీరాన్ని జింజెల్లీ కోస్తా అన్నారు, జింజెల్లీ అంటే నువ్వులు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లు ఈ రేవుల ముందు ఆగేవి, రంగూను కూలీపనులకు వెళ్లేవారు పడవలెక్కి ఓడ దాకా పోయేవారు.

ఈ పనిని తగ్గించింది రైలు. 1893–96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా పట్టాలు పడ్డాయి. 1933లో విశాఖపట్నం హార్బరు తెరిచాక పెద్ద ఓడలకు నేరుగా ఒడ్డు దొరికింది, చుట్టుపక్కల రేవులు మెల్లగా చిన్నబోయాయి. పడవల చేతిలో వేట ఒక్కటే మిగిలింది. పెద్దవలను సముద్రంలోకి తీసుకెళ్లి అర్ధచంద్రాకారంగా దించి, రెండు కొసలనూ ఒడ్డు నుంచి లాగే పనికి కుట్టుపడవ చాలాకాలం అక్కరకొచ్చింది. చెక్క తెప్పను మార్చింది మాత్రం ఫైబరు. అచ్చులో పోసిన ఫైబరు తెప్ప ఆరబెట్టనక్కర్లేదు, నీరు పీల్చదు, ఇంజను బిగించుకోవచ్చు. కానీ ఒకటే ముక్క కావడంతో ఒడ్డుకు లాగడానికి ఎక్కువ మంది చేయి వేయాలి. విప్పి మోసుకుపోయేది ఇప్పుడు ఇంజనొక్కటే, దాన్ని భుజాన పెట్టుకుని ఇంటికి తీసుకుపోతారు.

సహజమైన లోతు రేవు లేని ఈ శ్రీకాకుళం జిల్లాలోనే సంతబొమ్మాళి మండలం మూలపేట దగ్గర లోతైన కొత్త ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది.