నాటకం వెరైటీ షోగా ఎలా మారింది? – దాదర్ తెలుగువారి కథ



వెరైటీ షో అంటే మనలో కొందరికి చిన్నచూపు. ఒక పద్యం, ఒక డాన్సు, ఒక మిమిక్రీ, అంతా కిచిడీ అంటారు. ఈ కిచిడీ ఎందుకు వండాల్సి వచ్చిందో కాస్త చూద్దాం.

ముంబైకి తెలుగువాళ్లు ఒక్క ఊరి నుంచి రాలేదు. 18వ శతాబ్దం చివర నిజాం రాజ్యం నుంచి కామాఠీలు వచ్చి రాళ్లు మోశారు, గోడలు కట్టారు. కామాఠిపురకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. తర్వాత పద్మశాలీలు మిల్లుల్లో మగ్గాల మీదికి వచ్చారు. కోస్తా, రాయలసీమల నుంచి ఆఫీసు ఉద్యోగులు వచ్చారు. ఒకరికి ఒగ్గుకథ కావాలి, ఒకరికి హరికథ, ఇంకొకరికి రాయబారం పద్యాలు. అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టాలంటే తలా ఒక ముక్క వడ్డించాల్సిందే.

అసలు ఈ నగరంలో తెలుగు మాటల సినిమా పుట్టుకే అలాంటిది. 1931 అక్టోబర్ 31న విడుదలైన 'కాళిదాస్' ఇక్కడే తయారైంది. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. హీరోయిన్ టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే హీరో తెలుగులో జవాబిస్తాడు. మధ్యలో త్యాగరాజ కీర్తనలు! తమిళ మీడియంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడిన నాబోటివాడికి అది సొంత ఇల్లులాగే ఉంటుంది. మరుసటి ఏడాది, 1932లో, అదే రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద' వచ్చింది. అందులో లీలావతి వేషం సురభి కమలాబాయిది. అంటే నాటకంవాళ్లే బొంబాయి వచ్చి మొదటి పూర్తి తెలుగు టాకీని నిలబెట్టారన్నమాట.

ఇక రైల్వేవాడిగా నాకు తోచిన కారణం ఇంకొకటి ఉంది. ఊళ్లో నాటకం తెల్లవారేదాకా సాగుతుంది. దాదర్‌లో ఆఖరి లోకల్ దాకానే. వెస్టర్న్, సెంట్రల్ లైన్లు రెండూ కలిసే స్టేషన్ కాబట్టి వర్లీవాళ్లకీ, కుర్లావాళ్లకీ, కల్యాణ్ వైపువాళ్లకీ దాదరే అందుబాటు. ఆంధ్ర మహాసభ దాదర్ తూర్పున ఉండటం అందరికీ కలిసొచ్చింది. మిల్లు షిఫ్టు దిగినవాడు ఆలస్యంగా వచ్చినా వెరైటీ షోలో ఏదో ఒక అంశం పూర్తిగా చూస్తాడు. నాటకమైతే మధ్యలో వచ్చినవాడికి కథ అందదు.

1982 జనవరి 18న మిల్లు సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది పని ఆపేశారు. చాలా మిల్లులు మళ్లీ కోలుకోలేదు. చాళ్లలోంచి ఎన్నో కుటుంబాలు భివండీకి, సొంత ఊళ్లకు వెళ్లిపోయాయి. వాళ్లతోపాటు ముందు వరుసలో కూర్చుని "వన్స్ మోర్" అని అరిచే గొంతులూ పోయాయి. మిగిలింది సినిమా పాట ఒక్కటే.

అన్ని అంశాలూ సినిమా పాటలే అయితే అందులో వెరైటీ ఏముంది? పిల్లలు డాన్సు చేయనీండి, ముచ్చటగానే ఉంటుంది. కానీ ఈసారి కార్యక్రమంలో ఒక పదిహేను నిమిషాలు ఒగ్గుకథకో, పద్యానికో విడిగా ఉంచమని కమిటీవారిని అడుగుతున్నాను. మీ ఇంట్లో పాత కరపత్రాలు, ఫోటోలు ఉంటే పాతపేపర్లవాడికి వేయకండి. తేదీ రాసి ఇక్కడ పెట్టండి. అవి మన చేతిలో ఉన్న చరిత్ర.