తాటియాకు నుండి క్లౌడు వరకు: కట్టడపు దస్తరముల తరలింపు

కట్టడము కంటికి కనబడును. దాని దస్తరము కనబడదు. ఆనకట్ట నిలిచియున్నంత కాలము దానిని కట్టినవారి లెక్కలు ఎవరికిని జ్ఞప్తికి రావు. గోడ బీటవారిన నాడు, కూలివానికి రావలసిన పైకము రాని నాడు, సరిహద్దు వ్యాజ్యము పుట్టిన నాడు మాత్రమే ఆ పాత కాగితము ఎక్కడ నున్నదని వెదకుదురు. నేడు భవన నిర్మాణ సంస్థలు తమ ప్లానులను, కొలతల పుస్తకములను, మస్టరు రోళ్లను, బిల్లులను కార్యాలయపు బీరువాల నుండియు, మూలనున్న కంప్యూటర్ల నుండియు క్లౌడు అను దూరపు నిలయములకు తరలించుచున్నవి. ఈ కార్యము క్రొత్తదిగా తోచును. కాని దస్తరముల తరలింపు మన దేశమునకు క్రొత్త గాదు. మా ధర్మపురి సీమకు అంతకంటె క్రొత్త గాదు. ఈ వ్యాసమున నేను నిరూపింపదలచినది ఒక్కటే: దస్తరమును తరలించుట సులభము, దాని అర్థమును తరలించుట కష్టము. ఈ భేదము నెఱిగి ముందుగా ఏర్పాటు చేసికొన్నవారే పూర్వము కృతార్థులైరి, ఇప్పుడును అంతియే.

1. బారామహలు లెక్కలు

తుంబలహళ్లి అనగానే ఇరుగుపొరుగు వారికి అచ్చటి జలాశయము స్ఫురించును. ఊరి పేరు కన్నడపు పోకడ గలది. కచేరి భాష తమిళము. ఈ చుట్టుపట్ల పెక్కు ఇండ్లలో మాట తెలుగు. ఇట్టి త్రిభాషా సీమ 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన టిప్పుసుల్తాను చేతినుండి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చినది. దీనికి నాడు బారామహలు అని పేరు. కెప్టెన్ అలెగ్జాండర్ రీడు పరిపాలకుడుగా నియుక్తుడయ్యెను. ఆయన సహాయకులలో ఒకడైన థామస్ మన్రో 1799 వరకు ఈ సీమలో పనిచేసి, ధర్మపురిలో నివసించెను. తరువాత దత్తమండలములలో ప్రసిద్ధికెక్కిన మన్రో ఈయనయే. రైతువారీ పద్ధతికి బీజము పడినది ఇచ్చటనే.

రీడు, మన్రోలకు మొదట ఎదురైన సమస్య భూమి గాదు, దస్తరము. ఊరి లెక్కలు కరణముల చేతిలో నుండెను. కొలతలు ఊరూరికి వేఱు; నాణెములు వేఱు; లిపులు వేఱు. వానిని ఒక్క తీరున ఇంగ్లీషు పట్టికలలోనికి మార్చవలసి వచ్చినది. వారు కరణము చెప్పిన సంఖ్యను ఉన్నది ఉన్నట్లు ఎత్తి వ్రాసికొని తృప్తిపడలేదు. పొలమును తిరిగి కొలిపించిరి. అనగా తరలింపుతో పాటు పరిశోధనయు జరిగినది. ఆ దస్తరములు తరువాత మద్రాసు ప్రభుత్వపు భాండారమున నిలిచి, 1907 మొదలుకొని బారామహలు రికార్డులు అను పేర అచ్చుపడినవి. నేటికిని చరిత్రకారులు వానిని చదువగలుగుటకు కారణము, సంఖ్యలతో పాటు వాని వివరణమును వ్రాసియుంచుటయే.

దీనికి ప్రతికూలమైన దృష్టాంతము మనకు సమీపకాలముననే కలదు. వంశపారంపర్యపు గ్రామాధికారుల పద్ధతి తమిళనాట 1980లోను, ఆంధ్రప్రదేశమున 1984లోను రద్దయినది. ఆ సంస్కరణము న్యాయమైనదే. అయినను చిట్టాలు, అడంగళ్లు కచేరికి వచ్చినంత సులభముగా వానిని చదువు నేర్పు రాలేదు. ఏ గుర్తునకు ఏమి అర్థము, ఏ గట్టు ఎవరిది అను సంగతి కరణము తలలోనే ఉండిపోయినది.

2. మెకంజీ సేకరణ ప్రయాణము

దస్తరముల తరలింపునకు తెలుగువారు ఎన్నడును మఱువరాని ఉదాహరణము కర్నలు కాలిన్ మెకంజీ సేకరణము. ఏలూరి వాడైన కావలి వెంకట బొఱ్ఱయ్య, ఆయన మరణానంతరము 1803 నుండి సోదరుడు లక్ష్మయ్య, మఱి పెక్కుమంది సహాయకులు ఊరూర తిరిగి, దండకవిలెలు చూచి, పెద్దల నడిగి, కైఫీయతులు వ్రాయించిరి. మెకంజీ 1815లో భారతదేశపు తొలి సర్వేయరు జనరలయ్యెను; 1821లో గతించెను. కంపెనీవారు ఆ సేకరణమును లక్ష రూపాయలకు కొనిరి. అంతట అది చీలినది: కొంత లండనునకు, కొంత మద్రాసునకు. 1828లో విల్సను పండితుడు కలకత్తాలో దానికి ఒక సూచిక నచ్చు వేయించెను. లండనులో మూలబడియున్న గ్రంథములను 1837 ప్రాంతమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను కనుగొని మద్రాసునకు తెప్పించెను. పురుగు తినుచు, సిరా వెలిసిపోవుచున్న కైఫీయతులకు తిరిగి ప్రతులు వ్రాయించెను.

ఇందు మూడు సంగతులు గమనింపదగినవి. సేకరణము నిలిచినది ఒక్కచోట భద్రముగా నుండుటచేత గాదు, ప్రతి ఉండుటచేత. వెదకుట సాధ్యమైనది సూచిక ఉండుటచేత. మరల ప్రాణము వచ్చినది ఆ లిపిని చదువగల మనుష్యులు మిగిలియుండుటచేత. ప్రతి, సూచిక, చదువరి అను ఈ మూడును లేని తరలింపు, తరలింపు గాదు, పాతిపెట్టుటయే.

3. కట్టడపు దస్తరము

నిర్మాణ శాఖలలో ఎం బుక్కు అని వాడుకలోనున్న కొలతల పుస్తకము ఒకటి కలదు. ఎంత తవ్విరి, ఎంత కట్టిరి అను లెక్కకు అదియే మూలము. బిల్లు దానినుండియే పుట్టును. దాని పుటలకు ముందుగనే సంఖ్యలు వేసియుండును, పుట చింపరాదు, వ్రాసినదానిని చెరపరాదు. తప్పు వ్రాసినచో అడ్డముగా గీత గీచి, సరియైనది వ్రాసి, సంతకము చేయవలయును. తప్పు సయితము కనబడుచుండవలయునని దీని భావము. 2023 ఏప్రిలు 1 నుండి కంపెనీల లెక్కలు వ్రాయు సాఫ్ట్‌వేరులో ప్రతి మార్పునకును జాడ మిగిలియుండవలయునని ప్రభుత్వము నిర్బంధించినది. ఎం బుక్కు నీతియే ఇందు పునర్జన్మ మెత్తినది.

కొలతల విషయమున మఱియొక చిక్కు కలదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి దానిని జాతికి అంకితము చేసెను. ఈ నడిమి కాలముననే మన దేశపు కొలతలు మారినవి. 1956లో మెట్రిక్ తూనికలు, కొలతల చట్టము వచ్చినది; 1957 ఏప్రిలు 1న అణాలు పోయి నయాపైసలు వచ్చినవి. ఆనాటి కట్టడముల పటములలో అడుగులు, అంగుళములు ఉండును, తరువాతివానిలో మీటర్లు. 12 అను అంకె మాత్రమే క్రొత్త పట్టికలోనికి ఎక్కి, అది అడుగులో మీటర్లో తెలుపు మాట జారిపోయినచో గోడ మూడింతలకు మించి పెరుగును. 1999లో అమెరికా వారు అంగారక గ్రహమునకు పంపిన నౌక ఒకటి ఇట్టి ప్రమాణభేదము వలననే నశించినది.

4. క్లౌడు అనగా నేమి?

పేరు మేఘమే గాని అది ఆకాశమున లేదు. ఇతరుల భవనములో, ఇతరుల కంప్యూటర్లలో, అద్దెకు తీసికొన్న చోటు అది. అమెజాన్ సంస్థ 2006లో ఇట్టి నిలువ సేవను ప్రారంభించినది. మైక్రోసాఫ్టు 2015లో పుణె, ముంబయి, చెన్నై నగరముల ప్రాంతములలో కేంద్రములు తెఱచినది. అమెజాన్ 2016లో ముంబయిలోను, 2022లో హైదరాబాదులోను స్థాపించినది. భారత ప్రభుత్వము మేఘరాజ్ అను పేర తన క్లౌడును 2014లో ఆరంభించినది.

నిర్మాణ సంస్థకు దీనివలని లాభము స్పష్టము. సైటులోని ఇంజనీరు, నగరములోని ప్లాను గీయువాడు, లెక్కల గుమాస్తా ముగ్గురును ఒక్క పటమునే చూడవచ్చును. పాత ప్లానుతో పునాది తవ్వు దురవస్థ తగ్గును. కాని ప్రమాదమును స్పష్టమే. 2018 ఏప్రిలులో బ్రిటనునందలి టి.ఎస్.బి. బ్యాంకు తన లెక్కలన్నిటిని ఒక్కమారుగా క్రొత్త ఏర్పాటులోనికి మార్చగా, లక్షలాది ఖాతాదారులు తమ సొమ్మును చూచుకొనలేకపోయిరి. 2022లో ఆ బ్యాంకునకు జుల్మానా పడినది. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్‌లో ఒక క్లౌడు సంస్థ భవనము అగ్నికి ఆహుతి కాగా, వేఱుచోట ప్రతి లేనివారి దస్తరములు బూడిదయైనవి. తాటియాకునకు చెదలు, కాగితమునకు నీరు, క్లౌడునకు నిప్పు. శత్రువు మారినది గాని శత్రుత్వము మారలేదు.

5. ఏర్పాటు క్రమము

మొదట జాబితా. విల్సను సూచిక వంటిది ప్రతి సంస్థకును కావలయును: ఏ ఫైలు ఎచ్చట, ఎవరి చేతిలో, ఏ సంవత్సరముది, ఏ సాఫ్ట్‌వేరుతో తెఱచుకొనును. ఒకే ప్లానునకు పది ప్రతులున్నచో ఆమోదము పొందినది ఏదో తేల్చి వ్రాయవలయును. దీనిని తేల్చగలవాడు పాత గుమాస్తాయో పాత మేస్త్రీయో అయియుండును; అతడు పదవీ విరమణ చేయకమునుపే అడుగవలయును.

రెండవది కాలపరిమితి. స్థిరాస్తి నియంత్రణ చట్టము (2016) ప్రకారము ఇల్లు అప్పగించిన పిమ్మట అయిదేండ్లలో కట్టడపు లోపము బయటపడినచో కట్టినవాడే బాధ్యుడు. కంపెనీల చట్టము (2013) ప్రకారము లెక్కలను ఎనిమిదేండ్లు భద్రపఱుపవలయును. ఎలక్ట్రానిక్ లెక్కల ప్రతి భారతదేశముననున్న సర్వరులో దినదినము నిలువయుండవలయునని 2022 నాటి సవరణ. కాబట్టి నిలయము ఏ దేశమున నున్నదో ఒప్పందమునకు ముందే అడుగవలయును.

మూడవది కాలగణనము. 10 టెరాబైట్ల పటములను సెకనుకు 100 మెగాబిట్ల తీగపై పంపుటకు, అది క్షణమైనను ఆగకున్నను, తొమ్మిది దినములకు పైగా పట్టును. పగలు కార్యాలయపు పని సాగవలసినచో రాత్రులే మిగులును. అది మూడు వారముల పని. దీనిని లెక్కింపక, శనివారము మొదలిడి సోమవారమునకు ముగింతుమనువారు చిక్కుబడుదురు.

నాల్గవది క్రమము. పూర్తియైన చిన్న కట్టడపు దస్తరమును ముందు తరలించి పరీక్షింపవలయును. నడుచుచున్న పెద్ద పనిని చివర. జీతపు దినమున, బిల్లుల గడువున తరలింపు తగదు.

అయిదవది సరిచూచుట. పోయిన ఫైళ్లెన్ని, చేరినవెన్ని, మొత్తము పైకము రెండుచోట్ల ఒక్కటేనా అని లెక్క సరిపోవలయును. కొన్నిటిని తెఱచి ఎం బుక్కుతో పోల్చి చూడవలయును. అది ముగియువరకు పాతది పాఱవేయరాదు. ప్రతి ఒకటి వేఱుచోట నుంచి, దానినుండి తిరిగి తెచ్చుకొను అభ్యాసమును ఏటేట చేయవలయును. నిలయమును విడువవలసివచ్చినచో దస్తరము ఏ రూపమున మనకు తిరిగివచ్చునో ఒప్పందములోనే వ్రాయించుకొనవలయును.

6. పేరు పోగొట్టుకొన్న మనిషి

పై వానికంటె మా సీమ వారికి ముఖ్యమైనది మఱియొకటి కలదు. ధర్మపురి జిల్లా నుండి ఎందఱో బెంగుళూరునకు కట్టడపు పనికి పోవుదురు. వారిలో తెలుగు మాటాడువారును కలరు. ఒక మస్టరులో మేస్త్రీ వారి పేరును తమిళ లిపిలో వ్రాయును. తమిళమున క, ఖ, గ, ఘలకు ఒక్కటే అక్షరము. ప, ఫ, బ, భలకును ఒక్కటే. గోపాలయ్యను కోపాలయ్య అని చదువవచ్చును. భీమప్ప పీమప్ప కావచ్చును. ఆ మస్టరు నగర కార్యాలయమున ఇంగ్లీషులోనికి ఎక్కును. అచ్చటి గుమాస్తా తనకు వినబడినట్లు వ్రాయును. ఇంతియే గాక, ఆంధ్రదేశమున పేరుకు ముందు నిలుచు పొడి అక్షరము ఇంటిపేరు. తమిళనాట అది తండ్రి పేరు. హైదరాబాదులోను హోసూరులోను పనులున్న సంస్థ రెండు పట్టికలను క్లౌడులో ఒక్కటి చేసినప్పుడు, ఒక్క మనిషి ఇద్దఱగును; ఒక్కొక్కప్పుడు ఇద్దఱు ఒక్కడగుదురు.

గుమాస్తాకు ఇది అక్షరదోషము. కూలివానికి ఇది జీవితార్జితము. 2014 నుండి భవిష్యనిధి చందాదారునకు యజమాని మారినను మారని సంఖ్య నొసగుచున్నారు. అయినను పత్రములలో పేర్లు సరిపోలకున్నచో సొమ్ము చేతికి వచ్చుట కష్టమగును. కావున తరలింపునకు ముందే మనిషిని పేరుతో గాక సంఖ్యతో గుర్తించు ఏర్పాటు చేయవలయును. అతడు పలుకు పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు వేర్వేఱు గళ్లలో నుండవలయును. పేరును అతని లిపిలోనే వ్రాయుటకు నేడు అడ్డంకి లేదు. 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పులోనే తెలుగునకు స్థానము లభించినది. అంతకుముందరి పద్ధతి ఖతులలో కొట్టిన తెలుగు పత్రములను యూనికోడులోనికి మార్చియే తరలింపవలయును. లేనిచో అవి క్లౌడులో నుండియు వెదకినచో దొరకవు. అన్నిటికంటె మేలైనది, పట్టికను ఖాయము చేయుటకు ముందు సైటులో ఆ పేర్లను బిగ్గఱగా చదివి వినిపించుట. రీడు, మన్రోలు పొలమునకు పోయి కొలిపించినట్లే, మనము మనిషి యొద్దకు పోయి అడుగవలయును.

ముగింపు

తెలుగు యువకులు కంప్యూటరు విద్యయందును, తెలుగు సంస్థలు నిర్మాణమునందును నేడు దేశవిదేశముల పేరెన్నిక గన్నవి. ఈ రెండు విద్యలును కలియు చోటనే దస్తరముల తరలింపు ఉన్నది. యంత్రము ఫైలును చేరవేయును. దాని అర్థమును చేరవేయవలసినవాడు మనిషి. బొఱ్ఱయ్య, లక్ష్మయ్యలు ఊరూర తిరిగి పెద్దల నడిగి వ్రాయించుటచేతనే కైఫీయతులు నేడు మనకు మాటాడుచున్నవి. మన కట్టడముల లెక్కలును, వానిని కట్టినవారి పేర్లును నూఱేండ్ల పిమ్మట అట్లే మాటాడవలెనన్నచో, ఆ అడిగి వ్రాయు పనిని తరలింపునకు ముందే ముగింపవలయును.