అమెరికా భయానక చిత్రకథలు – మఱుగుపడిన చిత్రకారులు

భరతముని నాట్యశాస్త్రమున చెప్పిన యెనిమిది రసములలో భయానక బీభత్సములు రెండును గలవు. శృంగార వీరములకు దొరికినంతమంది కవులు వీనికి దొరకలేదు. కావ్యములలో శ్మశాన వర్ణన సాధారణముగ నొకటి రెండు పద్యములతో ముగియును. ఈ రెండు రసములనే ప్రధానముగ గ్రహించి, పిల్లలు పది సెంట్లకు కొనుక్కొను రంగుబొమ్మల పత్రికలలో పోషించిన చిత్రకారులు కొందఱు అమెరికా దేశమున నుండిరి. ఆ పత్రికలు నడచినది ఐదేండ్లకు లోపే. వానిపై పడిన నింద ఆ చిత్రకారుల కుంచెలమీదను పడి చిరకాలము తొలగలేదు.

న్యూయార్కులోని ఇ.సి. యను ప్రచురణ సంస్థకు అధిపతియగు మాక్స్ గెయిన్స్ 1947లో పడవ ప్రమాదమున మరణింపగా, అతని కుమారుడు విలియం గెయిన్స్ దానిని చేపట్టెను. 1950లో ఇతడును, సంపాదకుడగు ఆల్ ఫెల్డ్‌స్టీనును కలిసి భయానక పత్రికలను ప్రారంభించిరి. వానిలో 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్', 'ది వాల్ట్ ఆఫ్ హారర్', 'ది హాంట్ ఆఫ్ ఫియర్' అను మూడును ప్రసిద్ధములు. ఒక్కొక్క పత్రికకు కథ చెప్పెడి వికృతమూర్తి యొకటి యుండెను. భేతాళ కథ లెఱిగిన తెలుగువారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. అయితే భేతాళుడు ప్రశ్న వేసి ధర్మము నడుగును. వీరు కథ ముగించి వెకిలిగ నవ్వుదురు. హత్య చేసినవానిని, చచ్చినవాడే గోరీనుండి లేచివచ్చి దండించుట ఈ కథలలో తఱచు కనుపించును. నిందించినవారు ఈ సంగతికి విలువ యీయలేదు.

ఈ చిత్రకారులలో గ్రాహం ఇంగెల్స్ బీభత్సమున కధిపతి. 'హాంట్ ఆఫ్ ఫియర్'లోని ముసలి మంత్రగత్తె ఈతని కుంచెవలననే ప్రసిద్ధి కెక్కినది. భయంకరమని యర్థమిచ్చు 'ఘాస్ట్‌లీ' యను పేరుతో బొమ్మలపై చేవ్రాలు చేసెడివాడు. ఈతని నల్లసిరా గీత చివికిన గుడ్డవలె వ్రేలాడుచుండును. పాడుపడిన యిల్లు, ఊబినేల, ఎండుచెట్టు, మనుష్యుని వ్రేళ్లు అన్నిటికిని ఒకే కుళ్లు పట్టినట్లు తోచును. బీభత్సమునకు స్థాయి జుగుప్స యని లక్షణము చెప్పుట సులభము. దానిని నాలుగు గీతలలో పుట్టించుట దుష్కరము.

జానీ క్రెయిగ్ మార్గము వేఱు. ఈతని గీత శుభ్రము; పాత్రలు చక్కగ దుస్తులు ధరించిన పట్టణవాసులు. తన కథలలో పెక్కింటిని తానే వ్రాసికొనెడివాడు. ఘాతమునకంటె దానికి ముందున్న నిశ్శబ్దమునందే ఈతనికి మక్కువ యెక్కువ. అట్టివాడు వేసిన ముఖచిత్రమే పిమ్మట అపకీర్తికి గుఱుతయ్యెను.

చిత్రకథలపై కోపము అంతకు ముందే రాజుకొనియుండెను. 1948లోనే న్యూయార్కు రాష్ట్రమందలి బింగమ్టన్ పట్టణమున బడిపిల్లలచేత వీనిని కుప్పపోయించి కాల్పించిరి. 1954లో మానసిక వైద్యుడు ఫ్రెడరిక్ వర్థాం 'సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్' అను గ్రంథమును ప్రకటించి, ఈ పత్రికలు బాలురను నేరములకు పురికొల్పుచున్నవని వాదించెను. ఈయన దుష్టుడు కాడు. హార్లెములోని నల్లజాతి పేదలకొఱకు 1946లో వైద్యశాల నెలకొల్పినవాడు. ఆ పెద్దఱికమువలననే కాబోలు, ఆయన దస్తరమును నాడెవ్వరును తనిఖీ చేయలేదు. 1954 ఏప్రిల్ 21న సెనేటు ఉపసంఘము ఎదుట గెయిన్స్ సాక్ష్యమిచ్చెను. గొడ్డలి ఒక చేతను, స్త్రీ శిరస్సు మఱియొక చేతను పట్టినవాని బొమ్మను, అనగా క్రెయిగ్ ముఖచిత్రమును, సెనేటరు కిఫావర్ చూపి యిది సదభిరుచియేనా యని యడిగెను. భయానక పత్రికకు సదభిరుచియే యని గెయిన్స్ బదులు చెప్పెను. ఆ మాటతో అతని పక్షము కూలిపోయెను. అదే సంవత్సరము అక్టోబరులో ప్రచురణకర్తలు తమకు తామే నియమావళి నేర్పఱచుకొని, పత్రిక పేరులో 'హారర్' అను మాటను, కథలలో నడచు శవములను నిషేధించిరి. గెయిన్స్ భయానక పత్రికల నాపివేసెను.

ఆ శిథిలములనుండియే ఒక ఉత్తమకృతి వెలువడినది. 1955లో 'ఇంపాక్ట్' అను క్రొత్త పత్రిక తొలిసంచికలో బెర్నార్డ్ క్రిగ్‌స్టీన్ 'మాస్టర్ రేస్' అను కథకు బొమ్మలు వేసెను. నాజీ నిర్బంధ శిబిరమున అధికారియై యుండి పాఱిపోయి వచ్చినవాడొకడు, న్యూయార్కు భూగర్భ రైలులో తన పాత బాధితుని గుర్తుపట్టి, పరుగిడి రైలుక్రింద పడును. కథకు ఆఱు పుటలే కేటాయింపగా, క్రిగ్‌స్టీన్ పట్టుపట్టి ఎనిమిది పుటలు సంపాదించి, బొమ్మల గడులను కోసి సన్నని చీలికలుగ తిరిగి పేర్చుకొనెను. వాడు పడుట ఒక్క క్షణము. ఆ క్షణమును అనేక చీలికలుగ సాగదీసి, కదలిపోవు రైలు కిటికీలలో ముఖములను జంటజంటలుగ చూపెను. ఇందు దయ్యములేదు, గోరీ లేదు. అయినను ఆ పత్రికలన్నిటిలో నిజమైన భయానకము ఇదియే యనవలెను. ఇట్టి చిత్రకారునకు ఆ రంగమున చోటు దొరకక, బడిలో చిత్రలేఖనము నేర్పుచు జీవించెను.

వర్థాం కాగితములు అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమున భద్రపఱుపబడి 2010లో పరిశోధకులకు తెఱవబడినవి. గ్రంథాలయ శాస్త్రమున ఆచార్యురాలగు కరోల్ టిల్లీ వానిని గ్రంథముతో పోల్చిచూచి, బాలుర మాటలు మార్పబడుట, వేర్వేఱు వ్యక్తుల సంగతులు కలుపబడుట, ఇంటిలోని హింసవంటి ఇతర కారణములు విడువబడుట 2012లో వెల్లడించెను. నియమావళిని చివరి ప్రచురణకర్తలు 2011లోనే విడిచిపెట్టిరి. గెయిన్స్ చేసిన మేలొకటి చెప్పవలయును: మూలచిత్రములను పాఱవేయక దాచియుంచెను. 1970ల చివరనుండి రస్ కాక్రన్ వానినిబట్టియే పునర్ముద్రణలు వెలువరించుటచేత, చౌకకాగితముపై అలుకుకొనిపోయిన గీతలు తొలిసారి స్పష్టముగ కనుపించినవి.

ఇంగెల్స్ మాత్రము ఆ పత్రికల పేరెత్తినచో పలికెడివాడు కాడు. ఫ్లోరిడాలో చిత్రకళ బోధించుచు పాత మిత్రులకును దూరమై బ్రదికెను. జీవితాంతమున, ఎట్టకేలకు ఒడంబడి, ఆ ముసలి మంత్రగత్తెనే తైలవర్ణములలో మరల చిత్రించెను. 1991లో మరణించెను.