తుప్పు పట్టిన రివాల్వరు



పాతమిద్దెలు పడగొట్టునప్పుడును, పూడిన బావులలో పూడిక తీయునప్పుడును, ఒక్కొక్కతరి గుడ్డలో చుట్టిన యినుపముద్ద బయటపడవచ్చును. మట్టి దులిపి చూచినచో అది రివాల్వరు. అప్పుడు మనకు రెండు బుద్ధులు పుట్టును. భయపడువాడు దానిని మరల బావిలో వేయుదమనును. మోజుపడువాడు తోమి మెరుగుపెట్టి గోడకు తగిలింతమనును. ఈ రెంటివలనను నష్టపోవునది ఊరి చరిత్రయే. అది యెట్లో నేడు విన్నవించెదను.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి యిప్పుడు వేరువేరు జిల్లాలు. 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. నిజాము కాలమున జనగామ నల్లగొండ జిల్లాలోని తాలూకా. ఆ తాలూకాలోని కడవెండి గ్రామమున, 1946 జూలై 4న, ఊరేగింపుగా సాగుచున్న ప్రజలపై విసునూరు దేశముఖు మనుష్యులు తుపాకులు పేల్చిరి. దొడ్డి కొమరయ్య యసువులు బాసెను. నాడు తుపాకి గడిలో నుండెను. ప్రజలచేత కర్రయు, వడిసెలయు మాత్రమే యుండెను. 1947 సెప్టెంబరు 11న సాయుధపోరాటమునకు పిలుపు వచ్చినది. 1948 సెప్టెంబరులో సైనికచర్య జరిగినది. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడినది. ఈ అయిదేండ్లలో దొర మనుష్యులును, రజాకార్లును, పోలీసులును, దళములవారును ఆయుధము పట్టిరి. ఒకరి తుపాకి మరియొకరి చేతికి పోయినది. కనుక ఈ సీమలో దొరకిన పాత రివాల్వరు చంపవచ్చినవానిదో, ఊరు కాచినవానిదో, ఇనుమును మాత్రము చూచి చెప్పజాలము. దాని కథ చెప్పగల సాక్షులు రెండే: దానిపై చెక్కిన సంఖ్య, ఎరిగినవారి మాట.

సంఖ్య యెంత పని చేయునో ఒక నిదర్శనము వినుడు. 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్సు వధకు భగత్ సింగు వాడిన కోల్టు పిస్తోలు ఏండ్ల తరబడి అజ్ఞాతముగా నుండెను. తుదకు ఇందూరులోని సరిహద్దు భద్రతాదళమువారి ఆయుధశాలలో, తుప్పు పట్టకుండ పూసిన నల్లరంగు క్రింద, 168896 అను సంఖ్య కనబడినది. కాగితములలోని సంఖ్యతో అది సరిపోయినది. 2017లో ఆ పిస్తోలు పంజాబులోని హుస్సేనీవాలాకు చేరినది. ఎవడైన ఆకురాయితో గీకి ఆ యంకెల నరగదీసి యున్నచో, అది పేరులేని యినుపముక్కగనే మిగిలియుండెడిది.

ఇక రివాల్వరు సంగతి. అమెరికా దేశీయుడైన సామ్యూల్ కోల్టు 1835–36లలో దీనికి పేటెంటు పొందెను. గుండ్లు పెట్టు గదులు గల చక్రము, ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క గది చొప్పున తిరుగును. 1887 మొదలు ఆంగ్లసైన్యమునకు బర్మింగుహాములోని వెబ్లీవారు చేసిన రివాల్వర్లు చేరినవి. వెనుకటి తూటాల మందు కాలినపిదప గొట్టములో ఉప్పువంటి పదార్థమును విడుచును. అది గాలిలోని చెమ్మను పీల్చి ఇనుమును గుంటలుగా తినును. తోలు ఒర కూడ చెమ్మను పట్టియుంచును. ఆ యొరయే మేలని దాచినవారు తెలియకయే తుప్పును పెంచినవారగుదురు.

ఇట్టిది దొరకినచో మొదటిపని తాకకుండుట. మట్టితో నిండిన గదిలో, ఇన్నేండ్ల తరువాతను, బ్రతికిన తూటా యుండవచ్చును. సుత్తితో కొట్టరాదు, నిప్పు చూపరాదు, మీట నొక్కరాదు. పోలీసుఠాణాకు కబురు పంపవలెను. 1959 నాటి ఆయుధచట్టము ననుసరించి అనుమతిలేని తుపాకి నుంచుకొనుట నేరము. మరమ్మతు చేసినను పేలని పాత ఆయుధములకు అందే మినహాయింపు గలదు. అది యట్టిదా కాదా యని తేల్చువారు మాత్రము అధికారులే.

వారు పరీక్షించి, నిరపాయమని నిర్ణయించి అప్పగించిన పిదపనే శుభ్రపరచుట. చింతపండును, నిమ్మరసమును ఇత్తడిపాత్రల కుపయోగించుడు, ఇనుమునకు వలదు. ఆ పులుపు తుప్పుతోపాటు అంకెలను కూడ తినును. ఇటుకపొడియు, గరుకుకాగితమును అట్టివే. పిడి కట్టెదైనచో దానిని వేరుచేసి, ఇనుమును కొన్నిదినములు కిరసనాయిలులో నాననిచ్చి, మెత్తనిగుడ్డతో మెల్లగా తుడువవలెను. పొడిగా రాలు ఎఱ్ఱతుప్పు పోవలెను. గట్టిగా అంటియున్న నల్లపొర నుండనిండు. కదలని చక్రమును బలిమితో త్రిప్పరాదు. పేల్చుట మన కోరిక కాదు గదా! పిదప పలుచగా నూనె రాసి, పొడిచోట నుంచవలెను.

ఇవన్నియు ఒక సాక్షిని కాపాడు విధములు. రెండవ సాక్షిని నూనెతో కాపాడలేము. కొమరయ్య నేలకొరిగిన దినమున పదేండ్ల బాలురైనవారు నేడు ఎనుబదియేండ్లు దాటినవారు. వారిలో మిగిలినవారు కొలదిమంది. ఆ వస్తువు ఏ యింట, ఏ గోడలో, ఏ తేదీన దొరకెనో, దానిగూర్చి ఎవరేమి చెప్పిరో ఒక కాగితమున వ్రాసి, వ్రాసినవాని పేరుతో దానివెంట నుంచవలెను. విన్నది విన్నట్లు, చూచినది చూచినట్లు వేరుగా వ్రాయవలెను. మన పక్షమువారికి కీర్తి కలుగునని ఒక్కమాట చేర్చినను ఆ సాక్ష్యము చెడును.

ఇనుమునకు పట్టిన తుప్పు కంటికి కనబడును. జ్ఞాపకమునకు పట్టిన తుప్పు కనబడదు. చెప్పువాడు పోయిన దినముననే అది తెలియును. కావున పెద్దలారా, మీ ఊళ్లో రివాల్వరు దొరకినను దొరకకున్నను, మీకు తెలిసినది మనుమనిచేత నేడే వ్రాయింపుడు.