ఎత్తే ముందు అడగండి: వికలాంగుల శిబిరాల చరిత్ర నేర్పే పాఠం



వికలాంగులైన పెద్దల కోసం వేసవిలో జరిగే శిబిరాలలో సేవ చేయడానికి ఏ అర్హత ఉండాలని కొందరు యువకులు నన్ను అడుగుతూ ఉంటారు. వైద్య విద్య అవసరం లేదు. అయితే ఈ శిబిరాల చరిత్ర కొంత తెలిసి ఉండాలి. ఎందుకంటే ఆ చరిత్రలో ఒక పొరపాటు ఉన్నది. దానిని నేను కూడా చాలాకాలం చేశాను.

మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో 'శిబిరం' అనగానే నా తరం వారికి గుర్తుకు వచ్చేవి కంటి శస్త్రచికిత్స శిబిరం, కుటుంబ నియంత్రణ శిబిరం, వైకల్య ధ్రువపత్రాల శిబిరం. అన్నింటిలోనూ పద్ధతి ఒక్కటే. ఉదయం వరుసలో నిలబడాలి; సాయంత్రానికి ఏదో ఒకటి పుచ్చుకొని ఇంటికి వెళ్ళాలి. ప్రభుత్వ సేవలో ఉన్నప్పుడు నేను ఎందరినో పరీక్షించి వైకల్య శాతం నమోదు చేశాను. కండరాల బలం కొలిచాను గాని, "మీరు ఏమి చేయాలనుకుంటున్నారు?" అని ఒక్కరినైనా అడిగిన జ్ఞాపకం లేదు.

అటువంటి శిబిరాలను తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. 1968 ప్రాంతంలో జైపూరులో రామచంద్ర శర్మ అనే శిల్పి, పి.కె. సేఠీ అనే ఎముకల వైద్యుడు కలిసి రూపొందించిన 'జైపూర్ పాదం' మన దేశపు జీవన విధానాన్ని గమనించి చేసినది. విదేశీ కృత్రిమ పాదానికి బూటు ఉండాలి; జైపూర్ పాదంతో వట్టి కాళ్ళతో నడవవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, వరిమడిలోనూ దిగవచ్చు. 1975లో జైపూరులో ఏర్పడిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయత సమితి దానిని శిబిరాల ద్వారా ఊరూరికీ చేర్చింది. మన విజయనగరం జిల్లా కొత్తవలస దగ్గర మంగళపాలెంలో గురుదేవా చారిటబుల్ ట్రస్టు కృత్రిమ అవయవాలను ఉచితంగా అందిస్తున్నది. పొరుగున విశాఖపట్నంలో డాక్టర్ ఎస్.వి. ఆదినారాయణరావు గారు పోలియో బాధితులకు శస్త్రచికిత్సలు చేయడానికే తమ జీవితాన్ని అంకితం చేశారు; 2022లో వారికి పద్మశ్రీ లభించింది.

మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదయింది. 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువీకరణ కూడా లభించింది. పోలియో వెళ్ళిపోయింది, పోలియో సోకిన పిల్లలు మాత్రం పెద్దవారై మన మధ్యనే ఉన్నారు. వారిలో కొందరికి నడివయసులో మళ్ళీ కండరాలు నీరసిస్తున్నాయి. వీరికి తోడు, ఉద్దానంలో కొబ్బరిచెట్టు మీది నుంచి, వలస వెళ్ళిన చోట కట్టడాల మీది నుంచి పడి వెన్నుపాము దెబ్బతిన్నవారు ఉన్నారు. కాలో, కర్రో, కుర్చీయో ఇచ్చిన తరువాత కూడా వీరి ముందు ముప్పై నలభై ఏళ్ళ జీవితం ఉన్నది. ఆ జీవితంలో స్నేహితులు, షికార్లు, తగవులు, నవ్వులు ఎక్కడినుంచి రావాలి?

ఈ ప్రశ్నకు ఒక జవాబు అమెరికాలో దొరికింది. న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండలలో 1951లో 'క్యాంప్ జెనెడ్' అనే వేసవి శిబిరం మొదలయింది. అక్కడికి వచ్చినవారు, యువకులూ పెద్దలూ కూడా, ఆడారు, పాడారు, ప్రేమించుకున్నారు, రాత్రివేళ కూర్చొని తమ బతుకుల గురించి చర్చించుకున్నారు. సేవకులుగా వచ్చినవారిలో కూడా వికలాంగులు ఉండేవారు. పోలియో వలన చక్రాల కుర్చీకి పరిమితమైన జూడిత్ హ్యూమన్ చిన్ననాడు అక్కడికి వెళ్ళి, తరువాత అక్కడే కార్యకర్త అయినారు. 1977 ఏప్రిల్‌లో వికలాంగుల హక్కుల నిబంధనలపై సంతకం చేయాలని కోరుతూ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ప్రభుత్వ భవనంలో మూడు వారాలకు పైగా బైఠాయించినవారికి నాయకత్వం వహించినది ఆమే. సంతకం జరిగింది. ఆ ఏడాదే జెనెడ్ మూతబడింది గాని, అక్కడ కలిసి బతకడం నేర్చినవారు దేశపు చట్టాన్ని కదిలించారు.

అయితే ఈ పాఠం కోసం మనం అమెరికా దాకా వెళ్ళనక్కరలేదు. విజయనగరం సంగీత కళాశాలను తలచుకోండి. 1919లో విజయరామ గజపతి మహారాజు దానిని స్థాపించడానికి ప్రేరణ చాగంటి గంగుబాబు అనే అంధ యువకుడు. ఆస్థానోద్యోగి చాగంటి జోగారావు గారి కుమారుడైన ఆయనకు సంగీతం నేర్చుకోవాలని కోరిక. మహారాజు భరణం ఏర్పాటు చేసి ఊరుకొని ఉండవచ్చు. అలా చేయలేదు, ఒక పాఠశాలనే పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులయ్యారు. చూపు మందగించిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ ఆచార్యులై, 1936లో అధ్యక్షులయ్యారు. ఘంటసాల, పి. సుశీల అక్కడే చదువుకున్నారు. అంటే, చూపులేని ఒక వ్యక్తి కోరికను విని తెరిచిన తలుపులోనుంచి తెలుగువారందరి పాట నడిచి వచ్చింది.

పదవీ విరమణ తరువాత, కళింగపట్నం తీరంలో జరిగిన ఒక చిన్న శిబిరానికి నేను సేవకుడిగా వెళ్ళాను. కొబ్బరిచెట్టు మీది నుంచి పడి నడుము కింద చచ్చుబడిన నలభై ఏళ్ళ మనిషి ఒకరు సముద్రం వైపు చూస్తూ కుర్చీలో కూర్చొని ఉన్నారు. ఇసుకలో చక్రాలు దిగబడుతున్నాయి. నేను మరో ఇద్దరిని పిలిచి, ఆయనను ఎత్తి నీటి ఒడ్డున దించాను. మేలు చేశాననే అనుకున్నాను. ఆయన మెల్లగా అన్నారు: "నానేటి బస్తానా బాబూ? ఎత్తీ ముందల ఓపాలి అడగండి."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను నేర్వని వైద్యం అది. మరునాడు అడిగాము. ఇసుక మీద చెక్కలు పరచమన్నారు. పరిచాము. తన చేతులతో చక్రాలు తిప్పుకొంటూ తానే నీటి దాకా వెళ్ళారు.

ఇక సేవకు వెళ్ళేవారికి వైద్యుడిగా కొన్ని సూచనలు.

1. మెడ భాగంలో వెన్నుపాము దెబ్బతిన్నవారికి గాయానికి కింది భాగంలో చెమట సరిగా పట్టదు. ఎండలో వారి ఒళ్ళు త్వరగా కాగిపోతుంది. పది నుంచి నాలుగు గంటల వరకు నీడలోనే కార్యక్రమాలు పెట్టండి. తడిగుడ్డ, నీళ్ళు దగ్గర ఉంచండి.

2. కుర్చీలో కూర్చున్నవారు పావుగంట, అరగంటకు ఒకసారి బరువు మార్చుకోవాలి. లేకపోతే ఒరిపిడి పుండ్లు పడతాయి. స్పర్శ లేని కాళ్ళను, కుష్ఠువ్యాధి నయమైనవారి పాదాలను కాలిన ఇసుకకు తగలనీయకండి. కాలినా వారికి తెలియదు.

3. మూర్ఛ మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు. మూర్ఛ వస్తే చేతిలో తాళాలు పెట్టకండి, నోటిలో ఏమీ కుక్కకండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అయిదు నిమిషాలకు తగ్గకపోతే ఆసుపత్రికి తరలించండి.

4. లిథియం వాడేవారికి ఒంట్లో నీరు తగ్గితే ఆ మందు విషమవుతుంది. దాహం, విరేచనాలు, వణుకు గమనించండి.

5. మింగడం కష్టమైనవారికి నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలుగా తినిపించండి.

6. బుద్ధిమాంద్యం ఉన్న పెద్దవారు పిల్లలు కారు. 'మీరు' అనండి, 'గారు' అనండి. పక్కనున్న బంధువును కాక, వారినే అడగండి.

1995 నాటి చట్టం ఏడు వైకల్యాలను గుర్తించింది; 2016 నాటి చట్టం ఇరవై ఒక్కటిని గుర్తించి, సమానత్వాన్నీ గౌరవాన్నీ హక్కుగా చెప్పింది. కాగితం మీద ఉన్న ఆ గౌరవం మనిషికి అందేది మీరు చేయి చాపే ముందు ఆగే ఆ ఒక్క క్షణంలోనే.

ఈ వేసవిలో మీరు శిబిరానికి వెళితే మందుల పెట్టెతో పాటు ఆ ప్రశ్నను కూడా తీసుకువెళ్ళండి. నేను దానిని చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. మీకు ఇంకా సమయం ఉన్నది.